కోర్సు అయిపోయింది, ఆయాసం పోలేదు

టీబీకి ఆర్నెల్లు మందు మింగితే కార్డు మీద ‘నయమైంది’ అని రాస్తారు. క్రిమి చచ్చిన మాట నిజమే. ఊపిరితిత్తుల్లో అది చేసిన గాయం మచ్చకట్టి ఉండిపోతుంది. అందుకే మనోళ్లలో చాలామందికి నాలుగడుగులేస్తే రొప్పు. నాట్లలో వెనకబడితే ‘ఒళ్లొంగదు’ అని ఆసామి మాట, ఆపైన కూలి కోత. అయ్యా, ఇది బద్ధకం కాదు, జబ్బు మిగిల్చిన లోటు. దీనికి వైద్యం ఉంది. అది వ్యాయామం.

కోర్సు ముగించిన ప్రతి మనిషినీ పరీక్షించాలనీ, ఊపిరి లోటున్నవాళ్లకు పద్ధతి ప్రకారం వ్యాయామం అందించాలనీ 2021లో అనేక దేశాల టీబీ నిపుణులు కలిసి ప్రమాణాలు రాశారు. మన దేశంలోనూ కోర్సు తర్వాత రెండేళ్లపాటు ఆర్నెల్లకోసారి రోగిని చూడాలనే నియమం ఉంది. చూసేది జబ్బు తిరగబెట్టిందా అని. మళ్లీ పనిచేసుకోగలడా అని అడిగే నాథుడేడీ?

‘కూలోడికి మళ్లా ఎక్సర్‌సైజు దేనికి?’ అంటారు పెద్దమనుషులు. పనికి కొలత ఆసామి చేతిలో ఉంటుంది. వ్యాయామానికి కొలత మన ఊపిరే. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అంత వేగం చాలు. రొప్పొస్తే ఆగి, ముక్కుతో పీల్చి, వేడి టీ ఊదినట్టు పెదాలు ముడిచి నిదానంగా వదలాలి. తగ్గాక మళ్లీ నడవాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవటం, నీళ్ల సీసాలు ఎత్తటం కూడా ఇందులోవే. ఇట్లా కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు. మచ్చ పోదు. కాళ్ల కండ గట్టిపడి, ఆయాసం తగ్గి, ఎక్కువ దూరం నడుస్తారు. మొదలుపెట్టే ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగటం, కళ్లెలో రక్తం కనిపిస్తే ఆపేసి ఆసుపత్రికి పోవాలి.

ఖాళీ కడుపుతో కండ పెరగదు. 2024 నవంబరులో నెలకు 500 నుంచి 1000 రూపాయలకు పెంచిన తిండి డబ్బు కోర్సుతోనే ఆగిపోతుంది.

ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచాడో కొలవటానికి 30 మీటర్ల చదును నేల, గడియారం, వేలికి తొడిగే ఆక్సిజన్ మీటరు చాలు. కాబట్టి డబ్బుల్లేవనే సాకు చెల్లదు. ప్రతి మండలానికీ వారానికి రెండు రోజులు ఫిజియోథెరపిస్టు రావాలి, అదీ కూలి పోని వేళ. వ్యాయామం సాగినన్నాళ్లూ తిండి డబ్బు ఇవ్వాలి. కార్యకర్తలారా, మీ పల్లెలో కోర్సు ముగించినవాళ్లను గుట్టుగా పలకరించండి. వాళ్లు సరేనంటేనే పేర్లు రాసి పీహెచ్‌సీ డాక్టరుకు అర్జీ పెట్టండి.

ప్రాణం నిలిపి వదిలేస్తే సరిపోదు. పనిచేసుకు బతికే ఊపిరి మన హక్కు!