కరివేపాకంటే ఏమిటని అత్తగారు అడిగితే...

ప్రశ్న: మా అత్తగారికి 61 ఏళ్ళు. రెండేళ్ళుగా మాటలకు తడుముకుంటున్నారు. వయసు కదా అనుకున్నాం. మొన్న పోపు వేస్తూ "కాస్త కరివేపాకు అందుకోండి అత్తయ్యా" అంటే "కరివేపాకంటే ఏమిటే?" అన్నారు. రెమ్మ చేతికిచ్చినా తెలియలేదు. కవ్వం చూసి ఇదెందుకంటారు. కానీ నిన్న ఎవరొచ్చారో, పాలవాడికి ఎంత బాకీయో తడుముకోకుండా చెబుతారు. అందుకే మా తోడికోడలు ఇదంతా పని తప్పించుకునే నాటకమంటోంది. మావారూ అదే నమ్ముతున్నారు. ఇది మతిమరుపేనా?
— ఒక కోడలు, తెనాలి

జవాబు: నాటకం కాదమ్మా. ముందు ఈ ఒక్క మాటా మీవారికి చదివి వినిపించండి. నాటకమాడేవాళ్ళు పాలబాకీ మరిచిపోతారు గాని కరివేపాకును మరిచిపోరు.

యాభై దాటిన వాళ్ళందరికీ, నాతో సహా, పేర్లు నోట్లో నానుతూ బయటికి రావు. "అదేనే, పోపులో వేస్తామే, ఘుమఘుమలాడే ఆకు" అంటాం. అంటే పేరు జారింది గాని అర్థం పదిలంగానే ఉంది. మీ అత్తగారి విషయంలో జారిపోతున్నది అర్థమే. ఈ తేడా చాలా ముఖ్యం.

జ్ఞాపకాల్లో రెండు రకాలున్నాయని కెనడాలోని ఎండెల్ టుల్వింగ్ అనే శాస్త్రవేత్త 1972లో వివరించాడు. పోయినవారం పెళ్ళిలో ఎవరి పక్కన కూర్చుని భోంచేశారో గుర్తుండటం ఒక రకం. అసలు పెళ్ళంటే ఏమిటో, అరిటాకు ఎందుకో తెలిసి ఉండటం ఇంకో రకం. ఈ రెండోది ఎప్పుడు నేర్చుకున్నామో ఎవరూ చెప్పలేరు. మీ అత్తగారికి మొదటిది బాగుంది, రెండోది చెడుతోంది. మామూలుగా మనం చూసే అల్జీమర్స్ జబ్బులో తరచు ముందు దెబ్బతినేది మొదటిది. అందుకే మీ ఇంట్లో వాళ్ళకు అనుమానం వచ్చింది.

మామిడిపండునే తీసుకోండి. దాని రంగు, రూపం మెదడు వెనుక భాగాల్లో, వాసన ఒకచోట, రుచి ఒకచోట, పేరు మరొకచోట ఉంటాయి. వీటన్నిటినీ కలిపి "ఇది మామిడిపండు" అనిపించే ముడి ఒకటుంది. అది కణతల లోపల, టెంపోరల్ అనే భాగాల ముందుకొసల్లో ఉంటుందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నిమ్మపండు బంతిలా గుండ్రంగా ఉంటుంది, అరటిపండు అలా ఉండదు. అయినా నిమ్మపండు అరటిపండుకే చుట్టం గాని బంతికి కాదని తెలుసుకునేది ఆ ముడే.

అక్కడి కణాలు క్షీణిస్తే సన్నని తేడాలు ముందు పోతాయి. మేకను కుక్క అంటారు. కొన్నాళ్ళకు అన్నీ "జంతువు"లే. ఇలాంటి రోగులకు బాతు బొమ్మ చూపించి, తీసేసి, కాసేపాగి గీయమంటే నాలుగు కాళ్ళ బాతును గీసినవాళ్ళున్నారు. బాతు సంగతి పోయింది, జంతువులకు నాలుగు కాళ్ళన్నది మిగిలింది! ఇలాంటి ముగ్గురు రోగుల గురించి లండన్‌లో ఎలిజబెత్ వారింగ్టన్ 1975లో రాసింది. 1989లో దీనికి సెమాంటిక్ డిమెన్షియా అని పేరొచ్చింది. అరుదైన జబ్బే. తరచు 65 లోపే మొదలవుతుంది.

పాతికేళ్ళ క్రితం నా దగ్గరికి ఒక రిటైరైన టీచరుగారిని తీసుకొచ్చారు. వచ్చిన దారి, బస్సు టికెట్టు ధర అన్నీ చెప్పారు. గొడుగు చూపిస్తే ఏమిటో తెలియలేదు. నేను "నరాల బలహీనత" అని బి-కాంప్లెక్సు రాసి పంపాను. ఇంట్లోవాళ్ళను తప్పుపట్టే ముందు ఇది నేను చెప్పుకోవాలి.

అయితే నేను ఉత్తరం చూసి జబ్బు తేల్చకూడదు. న్యూరాలజిస్టుకు చూపించండి. ఎం.ఆర్.ఐ. తీయిస్తారు. బి-12, థైరాయిడ్ రక్తపరీక్షలు కూడా చేయించండి. ఆ లోపాలుంటే సరిచేయవచ్చు. ఇలాంటి మార్పు ఎవరికైనా ఒక్కరోజులో హఠాత్తుగా వస్తే అది పక్షవాతం కావచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

సెమాంటిక్ డిమెన్షియా అని తేలితే, దాన్ని ఆపే మందు ఇంతవరకూ లేదు. అల్జీమర్స్‌కు ఇచ్చే డొనెపెజిల్ మాత్రలతో దీనికి మేలని రుజువు కాలేదు. జ్ఞాపకశక్తి లేహ్యాలకు డబ్బు తగలెయ్యకండి.

చేయవలసింది ఇంట్లో చాలా ఉంది. ఫినాయిలు, యాసిడ్ సీసాలు ఈ రోజే తాళం వేసిన బీరువాలో పెట్టండి. నూనె సీసాకూ ఫినాయిలు సీసాకూ తేడా చెప్పేది కూడా ఆ ముడే కదా. మాత్రలు మీ చేత్తోనే ఇవ్వండి. స్టవ్ దగ్గర ఒంటరిగా వదలకండి. ఆవిడ పాత గిన్నెలు, పాత గ్లాసు మార్చకండి. రోజూ వాడే తన గ్లాసును గుర్తుపట్టే మనిషి కొత్త గ్లాసును గుర్తుపట్టకపోవచ్చు. ఏదైనా అడిగేటప్పుడు వస్తువు చూపించి, వాడి చూపించండి. చుట్టాల ముందు "ఇదేమిటో చెప్పండి" అని పరీక్షలు పెట్టడం మాత్రం మానిపించండి. మీ ఇంట్లోవే ఇరవై వస్తువుల ఫొటోలు తీసి, రోజూ కాసేపు పేర్లు చెప్పిస్తే కొన్ని నిలుస్తాయి. అయితే మానేస్తే పోతాయి. కొందరికి తీపి మీద విపరీతంగా యావ పుడుతుంది, షుగరు చూస్తుండండి. బ్యాంకు, ఆస్తి కాగితాల పనులు ఆవిడకు అర్థమయ్యే రోజుల్లోనే, ఆవిడతో చెప్పే చేయండి.

పాలలెక్క ఆవిడ దగ్గరే ఉంచండి. ఆ పని బాగా చేస్తున్నారు కదా. ఎం.ఆర్.ఐ. అయ్యాక రిపోర్టు నకలు పంపండి. ఫిల్ము పోస్టులో పంపకండి, మడతలు పడి నా దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోతుంది.