తాళంచెవి పోతే ఇల్లు కూలుస్తామా?

తాళంచెవి కనబడలేదని ఇల్లు పడగొట్టిన ఇల్లాలు ఎక్కడైనా ఉందా? కొంగుముడి చూసుకుంటుంది, పోపులపెట్టె తెరుస్తుంది, పిల్లల్ని నాలుగు కేకలేస్తుంది. అంతేగాని గునపం తెమ్మనదు. మరి కంప్యూటర్లో ఒక ఫైలు కనబడకపోతే మాత్రం, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడం" అన్న మాటకి బుద్ధిగా తలూపేస్తామే, ఇదేం చోద్యమండీ?

కడపలో మా వీధిలో ఒకావిడ పొదుపు సంఘం లెక్కలు రాస్తుంది. పదిమంది ఆడవాళ్ల అప్పులు, వాయిదాలు, వడ్డీలు. మూడేళ్ల లెక్కంతా ఒక పెన్‌డ్రైవ్‌లో ఉండేది. ప్రింటు కోసం ఒక జిరాక్స్ అంగడికి తీసుకుపోయి తెచ్చాక చూస్తే, ఫోల్డర్లున్న చోట షార్ట్‌కట్లు! "నా లెక్కలు యాడికి పోయినాయి నాయనా?" అని రిపేరు కుర్రాణ్ణి అడిగింది. "వైరస్సక్కా. అంతా పోయినట్లే. ఫార్మాట్ చేయాల్సిందే" అన్నాడు. చేసేశాడు. పాపం, ఆవిడ పాస్‌బుక్కులన్నీ ముందేసుకుని మొదట్నుంచీ మళ్లీ రాసుకుంది. నిజానికి ఆ లెక్కలు ఎక్కడికీ పోలేదు. ఆ జాతి వైరస్సు చేసే పని అసలు ఫోల్డర్లకి ముసుగేసి దాచిపెట్టి, వాటి పేర్లతో దొంగ షార్ట్‌కట్లు నిలబెట్టడం. ఆట్రిబ్ అనే ఒక్క ఆజ్ఞతో ఆ ముసుగు తొలగించవచ్చు. ఆ షార్ట్‌కట్లు నొక్కకుండా వైరస్సుని వదిలించుకుంటే సరి. అరగంట పని.

ఇంతకీ షార్ట్‌కట్ అంటే ఏమిటి? మన కర్నూలు సంగతే తీసుకోండి. 1953 అక్టోబరు 1 నుంచి ఆంధ్ర రాష్ట్రానికి అదే రాజధాని. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకి తరలింది. ఆ తర్వాత పాత చిరునామా పట్టుకుని కర్నూల్లో దిగిన అర్జీదారుడు, కచేరీ కనబడలేదని ప్రభుత్వమే పోయిందని ఏడుస్తాడా? షార్ట్‌కట్ సరిగ్గా ఆ చిరునామా చీటీ. బొమ్మ మూల చిన్న బాణం గుర్తు ఉంటుంది చూడండి, అదే. చీటీ చింపితే ఇల్లు కూలదు. ఇల్లు మారితే చీటీ పనిచేయదు. ఆ చీటీని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఫైలే తీసుకెళ్తున్నామనుకునే అమాయకులు కూడా కొల్లలు.

నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. రెండు రెళ్లెంతో కూడా వేళ్లమీద లెక్కపెట్టుకునే రకాన్ని. నాకే అర్థమైందంటే ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదన్నమాట. ఫైలు కనబడకపోతే ముందు పేరుతో వెతకండి. రీసైకిల్ బిన్ తెరిచి చూడండి. పెన్‌డ్రైవ్‌లో చెరిపింది మాత్రం అందులోకి రాదు సుమా. డెస్క్‌టాప్ మీదివి మాయమైతే వన్‌డ్రైవ్ తన ఫోల్డర్లోకి మార్చుకుందేమో చూడండి. నిజంగానే చెరిగిపోయిందా? అయితే అందులో కొత్తగా ఏదీ రాయకండి. దానిమీద మరొకటి పడేదాకా దక్కే ఆశ కొంత ఉంటుంది.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వెతకాలంటే పూట పడుతుంది, ఫార్మాట్‌కి అంత అక్కర్లేదు, కూలి మాత్రం ఒకటే. అతని లెక్క అతనిది. ఒక్కోసారి ఫార్మాట్ తప్పదు కూడా. కాని అది లోపలి సామానంతా బయటికి చేర్చాక చేయాల్సిన పని. నా కోపమల్లా "ఆడవాళ్లకి ఇవన్నీ ఎందుకు?" అనే ఇంటి పెద్దమనుషుల మీద. "మాకేం తెలుస్తుందిలెండి" అని మురిపెంగా తప్పుకునే మనమీద ఇంకాస్త ఎక్కువ. చీటీపాట వడ్డీ నోటిలెక్కన కట్టేవాళ్లం, ఇరవై డబ్బాల్లో ఆవాలెక్కడున్నాయో చీకట్లో తీసేవాళ్లం. మన రాతలు ఏ ఫోల్డర్లో ఉన్నాయో తెలియదని చెప్పుకోవడం ముచ్చటా?

సి.పి. బ్రౌన్ కడపలో ఏం చేశాడో గుర్తుందా? తన బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి, ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఒక్క తాటాకు ప్రతినే నమ్ముకోలేదు. ఆ స్థలంలోనే ఇవాళ ఆయన పేర గ్రంథాలయం నిలిచింది. రెండు వందల ఏళ్ల కిందట దొరకు తోచిన జాగ్రత్త మనకి తోచకపోవడం ఏమిటి? రెండో ప్రతి ఉంటే చాలదు, అది వేరే చోటుండాలి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పుడు ఒకే బీరువాలో ఉన్న అసలూ నకలూ కలిసే నానాయి. పుట్టింట ఒక ప్రతి ఉంచండి. ఆడపిల్ల సొమ్ము అక్కడ పదిలంగా ఉండటం కొత్తేమీ కాదుగా!

కనుక అమ్మలారా, ఈసారి ఎవరైనా "అంతా పోయింది" అంటే కంగారుపడి డబ్బు లెక్కపెట్టకండి. "ముందు వెతుకు నాయనా. దొరికింది నకలు తీసి నా చేతిలో పెట్టు. తర్వాత మాట్లాడుకుందాం" అని పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి. కుట్టుకూలి లెక్కయినా, బిడ్డ సర్టిఫికెట్టయినా, పెళ్లి ఫొటోలయినా అవి మన బతుకులు. అవి ఉన్నాయో పోయాయో తేల్చే అధికారం ఇంకొకరికి ధారపోయడం ఎందుకు?