పులిహోర ట్రేతో ఫోటో దిగితే చాలదు

ఫిలడెల్ఫియాలో నేను శనివారాలు పనిచేసే షెల్టర్‌లో ఫిబ్రవరిలో ఒక చిన్న వేడుక జరిగింది. ఇల్లు లేనివాళ్ళకి ఏళ్ళ తరబడి తోడుగా ఉన్న నల్లజాతి చర్చిలకి థాంక్స్ చెప్పారు. ఒక చర్చి చలికాలంలో తన బేస్‌మెంట్‌లో పడకలు వేస్తుంది. ఇంకో చర్చి ప్రతి ఆదివారం భోజనం పంపుతుంది. ఆ వంట చేసే పెద్దావిడని ముందుకి పిలిస్తే, చికెన్ చల్లారిపోతుందని కిచెన్‌లోకి వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఈ సంగతి చెప్పాను. చుట్టపుచూపుగా వచ్చిన ఒక అంకుల్ నవ్వారు. "ముందు వాళ్ళని పని చేసుకోమను. మనం ఎవరి సాయం లేకుండా పైకి రాలేదా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. నాకు తెలుగులో జవాబు టైంకి రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అంకుల్, ఒకరికొకరు సాయం చేసుకోవడం వాళ్ళకి మనం నేర్పక్కర్లేదు. 1787లో ఇదే ఊళ్ళో రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ కలిసి ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ పెట్టారు. ఇద్దరూ బానిసలుగా పుట్టినవాళ్ళే. మెంబర్లు నెలకి ఒక షిల్లింగ్ వేసుకుని, జబ్బుపడ్డవాళ్ళకీ, భర్త పోయినవాళ్ళకీ సాయం చేసేవాళ్ళు. 1793లో ఎల్లో ఫీవర్ వచ్చి డబ్బున్నవాళ్ళు ఊరు వదిలి పారిపోతే, తెల్లవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సేవ చేసిందీ, శవాలు మోసిందీ వీళ్ళే. తర్వాత వాళ్ళ మీదే దొంగతనం నింద వేశారు. 1794లో అలెన్ మొదలుపెట్టిన మదర్ బెతెల్ చర్చి ఇప్పటికీ సిక్స్త్ స్ట్రీట్‌లో ఉంది. వెళ్ళి చూడొచ్చు.

"ఎవరి సాయం లేకుండా" అన్నది కూడా నిజం కాదు. 1965కి ముందు ఇండియాకి కోటా ఏడాదికి సుమారు 100 మందే. ఆ కోటాలు తీసేసిన చట్టం సివిల్ రైట్స్ ఉద్యమం జోరుగా ఉన్నప్పుడు వచ్చింది. ఆ ఉద్యమం మీటింగులు జరిగింది నల్లజాతి చర్చిల్లో. అందుకే వాటిమీద బాంబులు వేశారు. 1963లో బర్మింగ్‌హామ్‌లో ఒక చర్చిలో నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. మన వీసాలు ఆ దారిలోనే వచ్చాయి.

మనవాళ్ళు కూడా షెల్టర్‌కి వస్తారు, ఏడాదికి ఒకసారి. పులిహోర ట్రేలు తెస్తారు, బ్యానర్ పట్టుకుని ఫోటో దిగుతారు. పులిహోర బాగుంటుంది, అందరూ తింటారు. కానీ కారెక్కగానే "నల్లోళ్ళు" అని మొదలుపెడితే ఆ పెట్టిన అన్నానికి విలువేముంది?

ఈ మాట మీ ఇంట్లో కూడా విని ఉంటారు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని మనకి నేర్పారు. నేను తెలుగు నేర్చుకున్నది మాత్రం అది విని తల దించుకోవడానికి కాదు. గౌరవంగా కాదనడానికి మన భాషలో దారి ఉంది. ఈ వారం మనం గట్టిగా పలకాల్సిన వాక్యం ఇదే: "అంకుల్, అది నిజం కాదండీ."

నా తెలుగులో తప్పులుంటే దిద్దండి.