అమ్మ నడిచి వెళ్లగల కొట్టు

పచారీ కొట్టుకి వెళ్లడం కూడా ఒక స్వేచ్ఛేనా అని నవ్వుతారేమో! అమెరికాలో కూతురికి పురుడు పోసి వచ్చిన తల్లుల్ని అడిగి చూడండి. ఆరు నెలలున్నా ఉప్పు ప్యాకెట్టు ఒక్కటైనా తమంతట తాము కొని ఉండరు. కారుండాలి, అల్లుడికి తీరిక ఉండాలి, ఇంగ్లీషు రావాలి. ఈ మూడూ కుదిరిన శనివారమే బజారు.

అదే దేశంలో, న్యూయార్కు నగరంలో బ్రైటన్ బీచ్ అనే పేట ఉంది. 1970ల నుంచి సోవియట్ యూనియన్ వదిలి వచ్చిన యూదు కుటుంబాలు చాలా అక్కడ స్థిరపడ్డాయి. ఒడెస్సా వాళ్లు ఎక్కువ కాబట్టి 'లిటిల్ ఒడెస్సా' అని పేరొచ్చింది. పైన ఇనుప స్తంభాల మీద రైలు పోతుంటుంది, కింద వరసగా కొట్లు, రష్యన్ లిపిలో బోర్డులు. డెబ్భై ఏళ్ల బామ్మగారు చక్రాల సంచీ లాక్కుంటూ ఒక్కతే వస్తుంది. పొగబెట్టిన చేప, ఊరవేసిన దోసకాయలు, నల్లరొట్టె... ఇవాళ్టిదేనా, నిన్నటిదా అని తన భాషలోనే నిలదీసి మరీ కొంటుంది. ఎవరి తీరిక కోసమూ ఆగక్కర్లేదు.

బ్రాంక్స్‌లో ఆర్థర్ ఎవెన్యూ ఇటలీ వాళ్ల వీధి. రోడ్ల మీద తోపుడు బళ్లు ఉండకూడదన్న మేయర్ లాగార్డియా, ఆ బళ్లవాళ్ల కోసమే 1940లో అక్కడ కప్పున్న మార్కెట్టు తెరిపించాడు. ఆయన తండ్రీ ఇటలీ నుంచి వచ్చినవాడే. ఆ మార్కెట్టు ఇప్పటికీ నడుస్తోంది.

ఇలా తమ పేటలోనే తిరిగితే బావిలో కప్పలైపోరా, ఇంగ్లీషు ఎప్పుడు నేర్చుకుంటారు అంటారు కొందరు. పిల్లలు బళ్లో నేర్చుకున్నారు, ఉద్యోగాలొచ్చి పేట దాటి వెళ్లారు కూడా. అరవై దాటాక దేశం మారిన ఆడమనిషి మాట వేరు. భాష వచ్చేదాకా ఆవిడ వంట ఆగుతుందా?

ఈ వీధులు కలకాలం ఉంటాయన్న భరోసా లేదు. గ్రీన్‌పాయింట్ పోలండు వాళ్ల పేట. అద్దెలు పెరిగి ఎన్నో కుటుంబాలు రిడ్జ్‌వుడ్ లాంటి చోట్లకి తరలిపోయాయి, వాళ్ల వెనకాలే కొన్ని కొట్లూ మూతబడ్డాయి. పండక్కి వచ్చి ఫొటోలు దిగే మనవలతో కొట్టు నిలవదు. వారం వారం సంచీతో వచ్చే బామ్మతోనే నిలుస్తుంది.

దేశాలవారీ కోటాల్ని ఎత్తేసిన 1965 చట్టంతోనే గ్రీకులు పెద్ద సంఖ్యలో ఆస్టోరియాకి చేరారు. మనవాళ్లకి తలుపు తెరిచిందీ ఆ చట్టమే. జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి నిండా మన దేశపు కొట్లున్నాయి. కానీ మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఊరికి దూరంగా, కారు లేనిదే అడుగు కదలని చోట్ల ఇళ్లు కొంటున్నాయి. గోంగూర అక్కడా దొరుకుతుంది. తీసుకెళ్లే మనిషే దొరకాలి!

ఇల్లు కొనేముందు మన పిల్లలు బడి చూస్తారు, ఆఫీసు ఎంత దూరమో చూస్తారు, కార్లు పెట్టుకునే చోటు చూస్తారు. అమ్మ చెప్పులేసుకుని నడిచి వెళ్లగల కొట్టుందా అని కూడా ఒక్కసారి చూడకూడదూ? అలాంటి చోట ఇల్లు దొరక్కపోతే, వారానికో రోజు అమ్మని ఇలాంటి బజారు వీధిలో దించి, డబ్బు చేతికిచ్చి, గంట తరవాత రండి. ఏం కొనాలో ఆవిడకి మనం చెప్పక్కర్లేదు.