ఏరోస్పేస్ సీటుకు మామిడితోట బయానా

నూజివీడు: మామిడి పూత మీదే తోటను వ్యాపారికి ఒప్పజెప్పి బయానా పుచ్చుకోవడం ఈ ప్రాంత రైతులకు కొత్త కాదు. పిల్లల ఫీజుల వేళ చాలామందికి అదే దారి. ఇప్పుడా సొమ్ము ‘ఏరోస్పేస్ ఇంజనీరింగు’ పేరిట ఎక్కడో ఉన్న ప్రైవేటు కళాశాలకు పోయే రోజులొచ్చాయి. శ్రీహరికోటలో ఉద్యోగం రావాలంటే పట్టా మీద ఆ పేరు ఉండి తీరాలన్న నమ్మకమే ఇందుకు మూలం. ఆ నమ్మకంలో పస తక్కువ.

ఇస్రో సైంటిస్టు, ఇంజనీరు ఉద్యోగాలకు ఇటీవలి సంవత్సరాల్లో వెలువడిన ప్రకటనలు చూస్తే ఎక్కువ పోస్టులు మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్సు వారికే. బి.టెక్.లో సాధారణంగా 65 శాతం మార్కులు అడుగుతారు. ఆపైన రాతపరీక్ష, ఇంటర్వ్యూ. రాకెట్టంటే నిప్పులు చిమ్మే గొట్టం ఒక్కటే కాదు గదా! ఇంధన ట్యాంకు వెల్డింగు, వేడికి ఓర్చే లోహం, దారి తప్పకుండా నడిపే సర్క్యూట్లు ఇవన్నీ మామూలు శాఖలవారి పనే. మన దేశంలో ప్రైవేటు సంస్థ తయారుచేసిన తొలి రాకెట్ ‘విక్రమ్-ఎస్’ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరింది. దాన్ని తయారుచేసిన హైదరాబాదు స్కైరూట్ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పవన్ కుమార్ చందన ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో చదివింది మెకానికలే.

అలాగని ఏరోస్పేస్ చదువు దండగ కాదు. విమానాల రూపకల్పన మీద మక్కువ గల పిల్లలు చదవవలసిందే. అంతరిక్ష శాఖ 2007లో తిరువనంతపురంలో నెలకొల్పిన ఐ.ఐ.ఎస్.టి.లో సీటు వస్తే అంతకన్నా కావలసిందేముంది? అయితే దానికి జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ ర్యాంకు కావాలి. ఆ సంగతి పదో తరగతిలో తెలియాలి గాని ఇంటర్ అయ్యాక తెలిసి లాభం లేదు. ఇక ప్రైవేటు కళాశాలలో చేర్చేముందు అక్కడ విండ్ టన్నెల్ ఉన్నదా, ఉంటే నడుస్తున్నదా అని అడిగే తండ్రులెందరు? కాయ కొనేటప్పుడు టెంక ముదిరిందో లేదో చూసే ఊరు ఇది!

విచిత్రమేమంటే, 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐ.టి. నూజివీడులోనే ఉంది. పదో తరగతి మార్కుల ఆధారంగా ప్రవేశం, ఆరేళ్ల చదువు. ఏరోస్పేస్ శాఖ లేకున్నా మెకానికల్, ఎలక్ట్రానిక్స్ ఉన్నాయి. అంటే శ్రీహరికోట దారి ఇంటి ముందు నుంచే పోతున్నదన్నమాట. ఈ ముక్క ఆగిరిపల్లి, చాట్రాయి, ముసునూరు హైస్కూళ్లలో పిల్లలకు విడమరచి చెప్పాలి. విద్యాశాఖాధికారులు చొరవ తీసుకుని ట్రిపుల్ ఐ.టి. అధ్యాపకులతో ఏటా ఒక సభ జరిపించాలి. అదీ పూత రాకముందే, నవంబరులోగా జరగాలి. తల్లిదండ్రులనూ పిలవాలి. బయానా కాగితం మీద సంతకం పెట్టేది వారే.