తలుపు తీయువారెవరు?

కంప్యూటరు చదువులకు తలుపులు అందరికిని తెరచియే యున్నవి, మార్కు తప్ప అక్కడ వేరొకటి చూడరని కొందరి వాదము. కంప్యూటరుకు ముందుకాలపుదే అయినను అయ్యలసోమయాజుల లలిత కథ వారు తెలిసికొనవలెను. పదునెనిమిదేండ్లకే భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో నున్న ఆమె 1940లో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరినది. అప్పటికది మగవారి కళాశాల. తండ్రి పప్పు సుబ్బారావు అక్కడే ఆచార్యుడు గనుక ప్రధానాచార్యుని ఒప్పింపగలిగెను. 1943లో చదువు ముగియగా, ఆమె పట్టాపై అచ్చయియున్న పుంలింగ సర్వనామమును కొట్టివేసి స్త్రీలింగమును వ్రాసిరి. ప్రతిభ ఆమెదే, తలుపు తీసినది తండ్రి.

మంత్రాలయము చెంత మాధవరములో పదవ తరగతి చదువు కూలివారి బాలికకు అట్టి తండ్రి ఎక్కడ? ఆ పడమటి కర్నూలు పల్లెలనుండి ఏటేటా కుటుంబములు మిరపకోతకు గుంటూరు వైపు వలసపోవును. కోతకాలము సరిగా పరీక్షల ముందటి నెలలలోనే. వెంటపోయిన పిల్లకు మార్కులు తగ్గుట తెలివితక్కువయా? 2008లో నెలకొల్పిన ట్రిపుల్ ఐటీల చేరికలో ప్రభుత్వ పాఠశాలల పిల్లల మార్కులకు కొంత అదనము కలుపుట ఈ లెక్క నెరిగి చేసినదే. దానిని దయాధర్మమనువారు సుబ్బారావుగారి మాటసాయమునకు ఏమి పేరు పెట్టుదురో! అయినను ఆ అదనము పరీక్ష వ్రాసినవారికే దక్కును. వలసకాలపు వసతిగృహము లారీ కదలిన పిదప తెరచిన ఏమి లాభము? అది కోతలకు ముందే, పిల్లలు ఊరిలో ఉండగనే తెరువవలెను.