ముద్దు చాలదు... ముద్ద తెలియాలి

టెక్సాస్‌లో ఉంటున్న మా అక్క కూతురు మొన్న ఫోన్ చేసి ఒకటే ఏడుపు. ఇంట్లో ఎవరికైనా బాగాలేదేమోనని కంగారుపడ్డాను. తీరా చూస్తే, పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న షుగర్ గ్లైడర్‌కు వెనక కాళ్లు పడిపోయాయట. ‘ఏం తక్కువ చేశాం పిన్నీ? అరటిపండు, ద్రాక్ష, తేనె, బాదంపప్పు... ఏది ఇష్టంగా తింటే అదే పెట్టాం. పిల్లలకంటే ఎక్కువగా చూసుకున్నాం’ అంది. తప్పు సరిగ్గా అక్కడే ఉందని డాక్టరు చెప్పాడట. తక్కువ చేయడం కాదు, ఇష్టమైనదే పెడుతూ పోవడం!

పేరు వినని వాళ్లకోసం నాలుగు మాటలు. షుగర్ గ్లైడర్ చూడ్డానికి మన ఉడుతలా ఉంటుంది కానీ ఉడుత కాదు. కంగారూలా పొట్ట దగ్గరి సంచిలో పిల్లల్ని పెంచే జీవి. పుట్టిల్లు ఆస్ట్రేలియా, న్యూగినీ అడవులు. బరువు 100 నుంచి 150 గ్రాములు. ముందుకాలికీ వెనక కాలికీ మధ్య సాగే పల్చటి చర్మాన్ని పరచి, చెట్టు మీంచి చెట్టుకు 50 మీటర్ల దాకా గాలిలో తేలిపోతుంది. గుప్పెట్లో ఇముడుతుంది. జేబులో పడుకుంటుంది. పిల్లలు మురిసిపోక ఏం చేస్తారు? అమెరికాలో చాలా ఇళ్లలో పెంచుతున్నారు. మన నగరాల్లోని పెంపుడు జంతువుల దుకాణాల్లోనూ కనిపిస్తోంది.

పేరులో పంచదార ఉంది కదా, తీపి పెడితే చాలనుకోవడంతోనే వస్తోంది చిక్కంతా. అడవిలో అది తినే తిండి వేరు. యూకలిప్టస్ బెరడు గీరి కారే రసం నాకుతుంది. మన తుమ్మకు దాయాదులైన చెట్ల బంక తింటుంది. పూల మకరందం, పుప్పొడి తింటుంది. వీటితోపాటు పురుగులు, సాలీళ్లు. పురుగులు దొరకని చలికాలంలో బంకతో, రసంతో గడుపుతుంది. అవి దొరికే రోజులు రాగానే వాటి వేటలో పడుతుంది. పంజరంలో ఆ వీలేదీ లేదు. గిన్నెలో మనం పెట్టిందే దిక్కు. అందులోనూ తీపి ముక్కలు ఏరుకు తిని మిగతాది వదిలేస్తుంది. అచ్చం పప్పన్నం పక్కకు నెట్టి చిప్స్ అడిగే మన పిల్లల్లాగే!

తిండిలో ఫాస్ఫరస్‌కు సమానంగా, వీలైతే రెండింతల దాకా కాల్షియం ఉండాలి. 100 గ్రాముల అరటిపండులో కాల్షియం 5 మిల్లీగ్రాములుంటే ఫాస్ఫరస్ 22 మిల్లీగ్రాములుంటుంది. పల్లీల్లోనైతే కాల్షియంకన్నా ఫాస్ఫరస్ నాలుగింతలు. రోజూ ఇవే పెడుతుంటే, కావలసిన కాల్షియాన్ని ఒళ్లు తన ఎముకల నుంచే లాక్కుంటుంది. ఎముకలు గుల్లబారతాయి. మొదట ఒంట్లో వణుకు, దూకడానికి జంకు. చివరికి వెనక కాళ్లు ఈడ్చుకుంటూ నడక. ‘మీ ఎముకల్లో బలం లేదమ్మా’ అని నడివయసు దాటిన మనకు డాక్టర్లు చెప్పే కథ లాంటిదే ఇదీ.

ఇంకో సంగతి కూడా మరిచిపోతాం. ఒక పల్లీగింజ బరువు అరగ్రాము. 100 గ్రాముల ప్రాణికి అది, 50 కిలోల మనిషికి పావుకిలో పల్లీలతో సమానం. ‘ఒక్కటేగా’ అని రోజూ ఇంటిల్లిపాదీ తలా ఒకటి పెడితే ఏమవుతుంది?

మరేం పెట్టాలి? రోజంతటికీ దాని బరువులో 15 నుంచి 20 శాతం తిండి చాలు. అంటే ఒకటి, రెండు పెద్ద చెంచాలు. అందులో దాదాపు సగం మకరందం లాంటి మిశ్రమం. పెంపకందార్లు చాలాకాలంగా వాడుతున్న లెడ్‌బీటర్ మిశ్రమం మన వంటింట్లోనూ చేసుకోవచ్చు. 150 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంతే తేనె, ఉడికించి పొట్టు తీసిన ఒక గుడ్డు, 25 గ్రాముల పసిపిల్లల సిరియల్, ఒక చెంచా విటమిన్లు, ఖనిజాల పొడి కలిపి మెత్తగా చేసి ఫ్రిజ్‌లో ఉంచుకోవాలి. విటమిన్ల పొడి ఏదో డాక్టరునే అడగాలి. మిగతా సగం మాంసకృత్తులుండే ఆహారం. పురుగులు పెట్టేటప్పుడు వాటికీ ముందు మంచి మేత వేసి, పైన కాల్షియం పొడి చల్లాలి. పండ్లు, కూరలు రుచికి కాసిని ముక్కలే. బొప్పాయిలో ఫాస్ఫరస్‌కన్నా కాల్షియం ఎక్కువ కనుక అది మేలు. చాక్లెట్, టీ, కాఫీ, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానీయకూడదు. ఇది రాత్రిపూట తిరిగే జీవి. తిండి పొద్దుగూకాక పెట్టి, మిగిలింది తెల్లారగానే తీసేయాలి.

గుడ్డు కూడా గడప దాటని ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ నియమం మనది, దానిది కాదు. పురుగులు తిని బతికే ప్రాణికి ఒట్టి పండ్లు పెట్టి ‘మా ఇంటి పద్ధతి’ అనడం న్యాయం కాదు. పెట్టలేమనుకుంటే తెచ్చుకోకపోవడమే దానికి మనం చేసే మేలు.

అసలు ప్రశ్న మరొకటుంది. ముచ్చట పిల్లలది, డబ్బు నాన్నది. మరి చాకిరీ? ఆఫీసు నుంచి వచ్చి వంట చేసి, హోంవర్కు చేయించి, అప్పుడు పురుగుల డబ్బా తెరిచేది ఎవరో చెప్పక్కర్లేదు. ఇది ఒకటి రెండేళ్ల ముచ్చట కూడా కాదు. బాగా చూసుకుంటే పది పన్నెండేళ్లు బతుకుతుంది. ఒంటరిగా ఉంచితే దిగులుపడి తన బొచ్చు తానే పీక్కుంటుంది కనుక జంటగా పెంచాలి. దీని జబ్బులు తెలిసిన డాక్టరు ఊళ్లో ఉన్నాడో లేదో ముందే వాకబు చేయాలి. చట్టం ఒప్పుకుంటుందో లేదో కూడా కనుక్కోవాలి. అమెరికాలోనే కాలిఫోర్నియా, హవాయి రాష్ట్రాల్లో దీన్ని పెంచుకోనివ్వరు. కనుక పిల్లలు అడిగిన రోజునే అందరూ కూర్చుని ఎవరి వంతు ఏమిటో తేల్చుకోవడం మంచిది. ఆ పని పంచుకోలేని ఇంట్లో మరో ప్రాణికి చోటు లేనట్టే.

మా అక్క కూతురి షుగర్ గ్లైడర్ ఇప్పుడు కాల్షియం మందుతో, మారిన తిండితో మెల్లగా కాళ్లు కదుపుతోందట. త్వరగా కనిపెట్టబట్టి సరిపోయింది. ‘అది గిన్నె నెట్టేసి మారాం చేస్తే జాలేస్తోంది పిన్నీ’ అంది నిన్న. ‘నువ్వు చిన్నప్పుడు ఆకుకూర తిననని గొడవ చేస్తే మీ అమ్మకు జాలేయలేదనుకున్నావా?’ అన్నాను.

అడిగింది పెట్టడం తేలికే. కావలసింది తెలుసుకుని, ఓపిగ్గా పెట్టడమే కష్టం. పిల్లల విషయంలో మనకు అలవాటైన ఆ కష్టం, నోరులేని జీవి విషయంలోనూ తప్పదు. ఏమంటారు?